తలనొప్పికి మూడు ఆదివారాలు

నాకు కుడి కన్ను కనిపించదు. ఏమవుతుందో అని చివరిదాకా బిక్కుబిక్కుమంటూ చదవాల్సిన పని లేకుండా ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. పోయిన చూపు పోయింది. మిగిలిన కన్నుతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను, కొంత నా మనసు కుదురుకోవడానికి, కొంత తలకు గుడ్డ బిగించుకుని మూల గదిలో పడుకున్న ఆడవాళ్ళ కోసం. వాళ్ళకు చెప్పాల్సింది చిన్న మాటే. కానీ ఆ మాట దాకా రావాలంటే మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి.

మాది తమిళనాడులో, కృష్ణగిరి జిల్లా వేప్పనపల్లి పక్కన పల్లె. మామిడి తోట, కాస్త రాగిచేను, రెండు ఆవులు. చుట్టుపక్కల ఊళ్ళలో మా ఇంటిని పసరిల్లు అంటారు. అరతల నొప్పికి, అంటే తలలో ఒక పక్కనే పట్టుకుని పీకే నొప్పికి, మా ఇంట్లో పసరు వేస్తారు. ఆదివారం తెల్లవారుతూనే, సూర్యుడు పైకి రాకముందు రావాలి. నొప్పి కుడి పక్క ఉంటే ఎడమ కాలి బొటనవేలి గోరు మీద, ఎడమ పక్క ఉంటే కుడి కాలి గోరు మీద నాలుగు చుక్కలు పిండుతాం. అట్లా మూడు ఆదివారాలు. దీనికి పైసా తీసుకోం. ఈ విద్య కూతుళ్ళకు ఇవ్వరు, అత్త నుంచి కోడలికే వస్తుంది. మా అత్త నాగమ్మకు వాళ్ళత్త ఇచ్చింది, నాకు మా అత్త ఇచ్చింది. ఆకు పేరు బయటికి చెప్పకూడదంటారు. చెప్పినా చెప్పకపోయినా ఒకటేనని నాకిప్పుడు తెలుసు. అయినా అత్తకు మాటిచ్చాను కాబట్టి చెప్పను.

పసరు వేయించుకున్నవాళ్ళకు కట్టుబాట్లు ఉంటాయి. మూడో ఆదివారం దాటేదాకా మాత్ర మింగకూడదు, ఆసుపత్రి గడప తొక్కకూడదు. వీటన్నిటికీ మించింది ఇంకోటి ఉంది. నొప్పి మాట నోట రాకూడదు. రోగి 'నొస్తా ఉంది' అనకూడదు, ఇంట్లోవాళ్ళు 'ఎట్లుంది' అని అడగకూడదు. అంటే పసరు విరిగిపోతుంది. ఇరవై ఏళ్ళు నేనే ఈ మాటలు వచ్చినవాళ్ళందరికీ అప్పజెప్పాను.

అట్లాగని నన్ను మరీ వెర్రిదాన్ని అనుకోవద్దు. వచ్చిన ప్రతివాళ్ళకూ పసరు వేసేదాన్ని కాదు. తలనొప్పుల్లో చాలా వాటికి పసరు అక్కర్లేదు. ఎండన పడి పనిచేసి వచ్చినవాళ్ళను నీడన కూర్చోబెట్టి, ఉప్పేసిన మజ్జిగ రెండు చెంబులు తాగించి పంపేదాన్ని. పొద్దున ఏమీ తినకుండా మధ్యాహ్నానికి తల పట్టుకుని వచ్చే పిల్లలకు రాగిసంగటి పెట్టేదాన్ని. పడిశం పట్టి నుదురు బరువెక్కినవాళ్ళకు వేడినీళ్ళ ఆవిరి. కాఫీ మానేసి తల పగిలిపోతోందని ఏడ్చినామెకు, మానాలనుకుంటే రోజుకింత తగ్గించుకోమని చెప్పి, అప్పటికి అరగ్లాసు కాఫీ ఇచ్చాను. ఏడ్చి ఏడ్చి వచ్చే నొప్పి ఒకటుంది. దానికి సొంటి అరగదీసి పలచగా పట్టు వేసి, చీకటి గదిలో పడుకోబెట్టి, వాళ్ళ పక్కన కాసేపు కూర్చునేదాన్ని. సొంటి కంటే ఆ కూర్చోవడమే ఎక్కువ పనిచేసేదని నా అనుమానం. ఇవన్నీ ఇప్పటికీ మంచివే. వీటి వల్ల ఎవరికీ చెడు జరగలేదు.

ఇన్ని తెలిసినదాన్ని నా నొప్పి దగ్గరికి వచ్చేసరికి బోల్తా పడ్డాను.

అంతకు ముందు కొన్ని నెలలుగా అప్పుడప్పుడూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కుడి కనుబొమ్మ మీద బరువుగా ఉండేది. వాకిట్లో బల్బు చూస్తే దాని చుట్టూ రంగులు కనిపించేవి, వాన ముందు చందమామకు గుడి కట్టినట్టు. పడుకుని లేస్తే పోయేది. వయసు యాభైకి దగ్గర పడుతోంది, పని ఎక్కువైంది అనుకున్నాను. ఆ రంగులు చూడటానికి బాగానే ఉన్నాయని కూడా అనుకున్నాను. అంత తెలివి నాది.

మాసి నెలలో, అంటే శివరాత్రి నాళ్ళలో, మామిడి పూత పిందె కడుతున్నప్పుడు, ఒక శనివారం సాయంత్రం ఆ నొప్పి ఉన్నట్టుండి మీద పడింది. కుడి కన్ను వెనక నుంచి నడినెత్తి దాకా ఎవరో పలుగుతో పెకలిస్తున్నట్టుంది. రెండుసార్లు వాంతి అయ్యింది. కన్ను తెరిస్తే పొగ. మా ఆయన మునిరాజు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ సాయంత్రం మాత్రం బండి తీసి వాకిట్లో పెట్టాడు.

"కృష్ణగిరికి పోదాం పద," అన్నాడు.

"రేపు ఆదివారం. జనం వస్తారు," అన్నాను.

"వస్తే రానీ. నువ్వు బాగుండాల గదా."

"పసరేసే ఆమెకే పసరు పన్జేయలా, ఆసుపత్రికి ఎత్తుకోని పోయినారంటారు. అత్త మొగం ఎట్ల చూసేది?"

ఆయన బండి లోపలికి తోసేశాడు. ఆ రోజు ఆయన ఇంకొక్క మాట గట్టిగా అనుంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. కానీ అనవలసిన మాట నాది, నొప్పీ నాదే. ఆయన మీద తోసేస్తే ఏం లాభం?

పసరు వేసే చెయ్యి తనకు తాను వేసుకోకూడదు. అందుకని ఎనభై దాటిన మా అత్త మర్నాడు చీకటి విడుతూనే చేతికర్ర పట్టుకుని గట్టు మీదికి పోయి ఆకు తెచ్చింది. ఆమె గట్టెక్కి ఎన్నాళ్ళయిందో. మోకాళ్ళకు మట్టి అంటుకుని వచ్చింది, ఎక్కడో పడిందన్నమాట. నా ఎడమ కాలు ఒళ్ళో పెట్టుకుని నాలుగు చుక్కలు పిండింది.

"ఇంక మాట్లాడొద్దు, శారదా," అంది. ఆ మాటతో మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి.

ఆ మొదటి వారం గురించి రాయాలంటే ఇప్పుడు కూడా చెయ్యి ఆగుతోంది. తలకు సొంటి పట్టు వేసి, కుడి కన్ను మీదుగా గుడ్డ బిగించి కట్టుకుని గదిలో పడుకున్నాను. తింటే కక్కేదాన్ని. అత్త గంజి తెచ్చి గడప దగ్గర పెట్టి, నా వైపు చూసి, ఏమీ అడక్కుండా పోయేది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి దగ్గి పోయేవాడు. మా కూతురు పవిత్ర పెళ్ళై మూకండపల్లిలో ఉంటుంది, హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో పని. అది రోజూ ఫోన్ చేసేది.

"ఏంమా, గొంతు అట్లుంది?"

"ఏం లేదు. బాగుండాను."

"నిజంగానా?"

"నిజంగానే."

కన్నకూతురికి అబద్ధం చెప్పి గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఏడిస్తే నొప్పి రెండింతలయ్యేది, అందుకని ఏడుపు కూడా మింగేసేదాన్ని. ఒకే ఇంట్లో ముగ్గురం, ఒకరి మీద ఒకరికి ప్రాణం, ముగ్గురమూ నోళ్ళు కట్టేసుకుని తిరిగాం. ఆ మౌనం నొప్పి కంటే ఎక్కువ బాధ పెట్టింది.

రెండో ఆదివారం అత్త మళ్ళీ పసరు వేసింది. గుడ్డ కాస్త జరిగి ఉంటే నా కన్ను వైపు చూసింది. గుడ్డ సర్ది లేచింది. వాకిట్లో ఆరోజు వచ్చిన ముగ్గురు పేషెంట్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళకూ ఆమే వేసింది.

ఆ తర్వాత నొప్పి తగ్గడం మొదలైంది. నిజంగానే తగ్గింది. మంగళవారానికి లేచి కూర్చున్నాను, గురువారానికి సంగటి తిన్నాను. నేను తినడం చూసి అత్త ముఖం వెలిగిపోయింది. మా ఆయన తోటలోంచి పిందెల గుత్తి తెచ్చి, ఈ ఏడాది కాపు బాగుంటుందని చూపించాడు. నేను ఎడమ కన్నుతోనే చూశానని అప్పుడు పట్టించుకోలేదు. గుడ్డ ఇంకా కట్టుకునే ఉన్నాను, మూడో ఆదివారం దాకా తీయకూడదని.

మూడో ఆదివారం పసరు అయ్యాక, గుడ్డ విప్పి బావి దగ్గర తలస్నానం చేశాను. సీకాయ ఎడమ కంట్లో పడి మంట పుట్టింది. గట్టిగా మూసుకుని కుడి కన్ను తెరిచాను. ఇంకా చీకటిగానే ఉందేమిటి అనుకున్నాను. వీపు మీద ఎండ చురుక్కుమంటోంది. ఎండ తగులుతోంది, వెలుతురు లేదు. చెంబు చేతిలోంచి జారిపోయింది. మా ఆయన్ని కేకేశాను.

మధ్యాహ్నానికి హోసూరులో కళ్ళ ఆసుపత్రిలో ఉన్నాం. పవిత్ర ఆఫీసు గుర్తింపు కార్డు మెడలోనే ఉంది, సెలవు రోజు కూడా పని పెట్టారట, అక్కడి నుంచి అట్లాగే పరుగెత్తుకొచ్చింది. టోకెన్ తీసుకుని బెంచీల మీద కూర్చున్నాం. ఆ గదిలో అందరూ కంటిపొర ఆపరేషన్ అయి ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న ముసలివాళ్ళు. వాళ్ళు నవ్వుతున్నారు, ఇంటికి పోతే కనిపిస్తుందని వాళ్ళకు తెలుసు. నేను మా ఆయన చొక్కా అంచు పట్టుకుని కూర్చున్నాను. తమిళంలో పేర్లు పిలిచిన ప్రతిసారీ ఉలిక్కిపడేదాన్ని.

కంట్లో చుక్కలు వేసిన నర్సు తమిళమ్మాయి. మంటకు నేను చెయ్యి పట్టుకుంటే, "తెలుగా అక్కా? పది ఎంచుదాం," అని వచ్చీరాని తెలుగులో తనే మొదలుపెట్టింది. ఒకటి, రెండు, నాలుగు అంది. మూడు మరిచిపోయింది. నేను మూడు చెప్పాను. అంత బాధలో ఇద్దరం నవ్వాం. ఆ పిల్ల పేరు కూడా అడగలేదు నేను.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కంట్లో ఊరే నీళ్ళు పోయే దారి మూసుకుపోయి, లోపల ఒత్తిడి పెరిగి, చూపు నరం చచ్చిపోయిందని చెప్పింది. ఆ నొప్పి తలదని నేను అనుకున్నాను, అది కంటిదట. నరం చచ్చాక నొప్పి తగ్గడం తగ్గడమే కాదట.

"ఎప్పుడు మొదలైందమ్మా?" అని అడిగింది.

"మూడు ఆదివారాల కింద," అన్నాను.

ఆమె పెన్ను కింద పెట్టింది. "మొదటి రోజే వచ్చుంటే చూపు నిలిచేదమ్మా," అంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

ఎడమ కంటికి కూడా అదే ముప్పు ఉందని, రానివ్వకుండా లేజర్‌తో చిన్న రంధ్రం చేశారు. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

ఆ వారం రోజులూ పవిత్ర ఇంట్లో ఉన్నాం. అది వంటింట్లో గిన్నెలు ఎత్తేస్తూ వాళ్ళ నాన్నను దులిపేసింది. "నువ్వైనా ఎత్తుకోని రావల్ల గదా నాయనా? అవ్వ పసరంట! అవ్వతో నేనే చెప్తాను, నీ పసరుతోనే మా అమ్మ కన్ను పోయిందని." ఆయన తల దించుకుని విన్నాడు. నేను పవిత్ర చెయ్యి పట్టుకుని, ఆ మాట అవ్వ చెవిన పడితే నా మీద ఒట్టే అన్నాను. పసరు కన్ను తీయలేదు. గోటి మీద నాలుగు చుక్కలు కన్నును ఏం చేస్తాయి? ఆగడమే తీసింది. మాట్లాడకపోవడమే తీసింది. కానీ ఎనభై ఏళ్ళ మనిషికి ఆ తేడా చెప్పి ఎట్లా ఒప్పించేది?

ఇంటికి పోయాక అత్త నా రెండు చెంపలూ పట్టుకుని, "డాక్టరు ఏమనె?" అంది.

"నా రాత అట్లుంది అత్తా, ఎవురేం చేసేది," అన్నాను.

ఆమె నమ్మింది. లేకపోతే నమ్మినట్టు ఊరుకుంది.

ఒంటికన్నుతో బతకడం నేర్చుకోవడానికి నెలలు పట్టింది. కుడి పక్క తలుపు దర్వాజా భుజానికి కొట్టుకునేది. గ్లాసులో పోస్తే కాఫీ పక్కన పడేది. మెట్టు ఉందనుకుని గాల్లో కాలేసేదాన్ని. పొద్దున్నే లేచి రెండు కళ్ళూ తెరిచి ఇవాళ ఏమైనా కనిపిస్తుందా అని చూసుకునేదాన్ని. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఆదివారాలు జనం వస్తూనే ఉన్నారు. నా కన్ను బాగాలేదని చెప్పి తిప్పి పంపేవాళ్ళం. అత్తకు అది కష్టంగా ఉండేది. ఇంటికొచ్చినవాళ్ళను ఊరికే పంపడం ఆమె ఎరగదు.

ఒక ఆదివారం నేను పాలు పిండి వచ్చేసరికి వాకిట్లో నలభై దాటిన ఒకామె కూర్చుని ఉంది. అత్త అరచేతిలో ఆకు నలుపుతోంది.

"మాది అనకాపల్లి దగ్గరండి," అందామె నన్ను చూసి లేచి. పేరు సత్యవతి. మూకండపల్లిలో ఉంటూ ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తుందట. తోటి వంటామెది మా ఊరే, ఆమె ఇంటికి ముందురోజే వచ్చి పడుకుని, తెల్లారగానే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "ఈ ఎడమ పక్క పీకేస్తోందండి. సాయంత్రం షిఫ్టులో మరీనండి. మీ పసరు మంచిదని చెప్పారండి."

పాల చెంబు కింద పెట్టాను. "దీపాల చుట్టూ రంగులు కనిపిస్తాయా? గుడి కట్టినట్టు?"

ఆమె నోరు తెరిచింది. "మీకెలా తెలుసండి? క్యాంటీన్‌లో లైట్లన్నీ అలాగే ఉంటాయండి. మొన్న వాంతి కూడా అయిందండి."

"నాకూ అట్లే అగుపడినాయి."

"మరి మీకు పసరుకి తగ్గిపోయిందాండీ?"

అత్త చేతిలో ఆకు నలపడం ఆగింది. ఆమె నా వైపు చూస్తోంది, సత్యవతీ చూస్తోంది. ఇద్దరిలో ఒకరికే మేలు చేయగలను. అత్త ముందు దాచిన మాట దాచుకుంటే ఈమె మూడు ఆదివారాలు నోరు మూసుకుని కూర్చుంటుంది.

"నొప్పి తగ్గింది. కన్ను పోయింది," అన్నాను. "మూడు ఆదివారాలు ఎవురికీ చెప్పకుండా ఆగినాను. మొదటి దినమే పోయుంటే నిలిచేదని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు ఇప్పుడే పోవల్ల, తల్లీ."

సత్యవతి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు చెప్పలేదే నువ్వు," అంది అత్త. తర్వాత ఇంకా చిన్న గొంతుతో, "రెండో వారమే చూసినాను. కన్ను ఎర్రగా నెత్తురు మాదిరి ఉండె. అడగరాదు గదా అని అడగలా. నా నోరు పడిపోను, అడగలా నేను."

ఆకును వాకిట్లోకి విసిరేసి, చేతికర్ర అందుకుని లేచింది. "ఈ యమ్మను నువ్వే పిల్చుకోని పో శారదా. మొదటి బస్సుకే పో. కాఫీ గీఫీ అని కూర్చోవద్దండి."

తీసుకుపోయాను. హోసూరులో అదే ఆసుపత్రి, అదే బెంచీ. ఈసారి నేను పక్కన కూర్చున్నదాన్ని, చెయ్యి పట్టుకున్నదాన్ని. సత్యవతికి ఇంకా సమయం ఉంది. ఆ మధ్యాహ్నమే చుక్కలు, లేజర్ అయిపోయాయి. రెండు కళ్ళూ దక్కాయి. పవిత్ర వచ్చి ఆమెను ఇంటికి తీసుకుపోయింది.

ఇది చదివేవాళ్ళకు నేను చెప్పదలచుకున్న మాట ఇదే. ఆకలికి, ఎండకు, ఏడుపుకు వచ్చే నొప్పికి మజ్జిగ, నిద్ర, సొంటి పట్టు చేసుకోండి, తప్పు లేదు. కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా, దీపాల చుట్టూ రంగులు కనిపించినా, ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా ఆ పూటే పోండి. ఎవరి పరువు కోసమూ ఆగొద్దు. ఇంట్లో ఎవరైనా తల పట్టుకుని పడుకుంటే ఎట్లుందని అడగండి, రోజుకు పదిసార్లు అడగండి, విసుక్కుంటే విసుక్కోనీ.

సత్యవతి కళ్ళు దక్కాయని అత్తకు చెబితే కాస్త ఊరట పడుతుందని, దారి పొడవునా ఆ మాటే కూర్చుకుంటూ ఇంటికి వచ్చాను. పొద్దు వాలుతోంది. అత్త అరుగు మీద తోట వైపు తిరిగి కూర్చుని ఉంది. కుడి అరచేతిని కుడి కంటికి అడ్డం పెట్టుకుంది. ఎడమ చేత్తో చెంబులో నీళ్ళు గ్లాసులో పోసుకోవాలని చూస్తోంది. నీళ్ళు గ్లాసు పక్కన పడి అరుగంతా తడిసింది. నేను ఆమె కుడి పక్కకు వచ్చి కూర్చున్నా ఆమె తిరగలేదు.

"ఏం చేస్తా ఉండావత్తా?"

ఆమె ఉలిక్కిపడింది. "నీకు ఎంత అగుపడ్తాదో చూస్తా ఉండా," అంది. "మీరు పోయినప్పట్నుంచీ మూసుకోనే ఉండాను. నువ్వు ఈ పక్కనుంచి వచ్చింది నాకు తెలియనే లేదే, శారదా."

కూర్చుకొచ్చిన ఊరట మాట పక్కన పెట్టాను. లేచి, ఆమెకు కనిపించే పక్కకు మారి కూర్చున్నాను.